తొలికాపు చేతికొచ్చినప్పుడు

చిట్టితల్లికి,

నువ్వు పంపిన ఫోటోలు రెండుసార్లు చూశాను. ఆరు సెంట్ల పెరట్లో బెండ, బీర, వంగ, గోంగూర అన్నీ నిలబెట్టావంటే నీ చెయ్యి మంచిదే. "పెద్దమ్మా, కాయలు బాగా ఊరనిచ్చి అన్నీ ఒకేసారి కోసి అమ్మేదా?" అని అడిగావు. వద్దమ్మా. ఎందుకు వద్దో ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

తొలి కోత ఇంటికే. నీ కూర రుచేమిటో నీకే తెలియకపోతే కొనేవాళ్లకి ఏం చెబుతావు? పొద్దున్నే మంచు ఆరకముందు రెండు బీరకాయలు కోసి, పదింటికల్లా పొయ్యి మీద పెట్టి చూడు. చుక్క నీళ్లు పొయ్యక్కర్లేదు, తన నీళ్లలో తనే మగ్గుతుంది. పొట్టు పారెయ్యకు. నువ్వులు, పచ్చిమిర్చి, కాస్త చింతపండుతో పచ్చడి నూరు. లేత వంకాయల్ని తొడిమలతోనే గుత్తిగా వండు. గోంగూర పచ్చట్లోకి పచ్చి ఉల్లిపాయ మరిచిపోకు. ఆ రోజు అల్లుడుగారిని మధ్యాహ్నం ఇంటికొచ్చి తినమను, క్యారేజీలో చల్లారిపోతే ఆ రుచి ఉండదు. కుడిఎడమల ఇళ్లకి తలా రెండు కాయలు పంపు. రేపు నీకు బోణీ చేసేది వాళ్లే.

ఇక కోత సంగతి. బెండ విత్తిన నలభై అయిదు రోజులకి అటూ ఇటూగా కాపుకొస్తుంది. అక్కణ్ణుంచి రోజు విడిచి రోజు కొయ్యాల్సిందే. కాయలు చెట్టు మీద ముదిరాయా, బలమంతా గింజకి పోయి కొత్త పూత తగ్గిపోతుంది. ఎక్కువ కోస్తేనే ఎక్కువ కాస్తుంది. కొనేటప్పుడు ఆడవాళ్లు బెండకాయ కొస విరిచి చూస్తారు, టక్కుమనాలి. వంగకుండా విరిగితే లేత, వంగితే ముదురు. సొరకాయకైతే గోరు గుచ్చుతారు. ఆ గాటు పడ్డ కాయని తర్వాత ఎవరూ ముట్టుకోరు. అందుకని ఒక కాయ నువ్వే కోసి లోపల చూపించు. విత్తనానికి మాత్రం బాగా కాసిన చెట్టొకటి గుర్తుపెట్టుకుని, దాని మీద రెండు కాయలు ఎండేదాకా వదిలెయ్యి. బెండకాయలు కడగొద్దు, జిగురొచ్చి నల్లబడతాయి. ఆకుకూరల మీద నీళ్లు చిలకరించి తడిగుడ్డ కప్పు. పండుఈగ కుట్టిన కాయల్ని పాదు కింద వదిలేయకుండా లోతుగా పాతిపెట్టు. ఏ మందైనా కొడితే డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా కొయ్యకు. ఇందులో మాత్రం ఎవరు అడిగినా మొహమాటపడకు.

పెరటి పంటతో చిక్కేమిటంటే ఏదీ కిలోల్లో రాదు. మూడు వంకాయలు, పది బెండకాయలు, రెండు ములక్కాడలు. వీటిని విడివిడిగా కాటా వేస్తే నీకూ విసుగు, వాళ్లకీ విసుగు. ఒక పూట సాంబారుకి సరిపడా అన్నీ కలిపి ఒక సంచి కట్టు. పప్పులోకి ఒక ఆకుకూర కట్ట. నేను పదేళ్లు ఇలాగే అమ్మాను. ముందురోజు సాయంత్రం మీ వీధి వాట్సాప్ గ్రూపులో రేపేం కోస్తున్నావో పెట్టు, అడిగినంతే కొయ్యి. ధర కోసం తల బద్దలు కొట్టుకోకు. రైతుబజారు బోర్డు మీద ఆ రోజు రాసిన రేటుకి, తోపుడుబండి రేటుకి మధ్యలో పెట్టు. రైతుబజార్లు 1999లో మొదలైన కొత్తలో నేను గుర్తింపు కార్డు తీసుకుని కూర్చున్నదాన్నే, కానీ నీకున్న పంటకి అంత దూరం అక్కర్లేదు. బేరమాడితే ధర తగ్గించకు, కొసరు వెయ్యి. గుప్పెడు కరివేపాకు, నాలుగు పచ్చిమిరపకాయలు. ధర ఒకసారి తగ్గిస్తే మళ్లీ పెంచలేవు. కొసరైతే వాళ్లే గుర్తుపెట్టుకుని వస్తారు.

మామిడి దగ్గర మాత్రం నాలా చెయ్యకు. ఒక ఏడు తొలి ధరకి ఆశపడి, మా రసాలు పదిహేను రోజులు ముందే దింపించాను. డబ్బొచ్చింది. వారం తిరక్కుండా తొక్క ముడతలు పడ్డ పుల్లటి పళ్లు పట్టుకుని ఇద్దరు గుమ్మంలోకొచ్చారు. డబ్బు తిరిగిచ్చాను, కానీ మిగతా వాళ్లు చెప్పకుండానే మానేశారు. ఆ బాధ ఇంకా ఉంది. తొడిమ పక్కన భుజాలు ఉబ్బాలి, చెట్టు కింద ఒకటీ అరా పండు రాలాలి, కాయని బకెట్టు నీళ్లలో వేస్తే మునగాలి. అప్పుడు చిక్కంతో, అంటే కర్రకి కట్టిన వలసంచితో, అంగుళం తొడిమ ఉంచి దింపు. తలకిందులుగా పెట్టి సొన కారనివ్వు, తొక్క మీద పడితే మచ్చలొస్తాయి. ఎండుగడ్డిలో మాగబెట్టు. కార్బైడ్ పొట్లం ఎవరిచ్చినా తీసుకోకు, అది నిషేధమే కాదు, ఆర్సెనిక్ అవశేషాలు ఉండే సరుకు.

కొత్త బంగినపల్లి అంటుకి పూతొచ్చిందని సంబరపడ్డావు. తుంచెయ్యమ్మా. మనసొప్పదు, తెలుసు. మొదటి మూడేళ్లు దాన్ని కొమ్మ మీద, వేరు మీద బలపడనివ్వాలి.

ఫోటోలో పందిరి ఎడమ మూల వేలాడుతున్న సొరకాయ రేపు పొద్దున్నే కోసెయ్యి, ఎల్లుండికి ముదిరిపోతుంది. సగం మీరు వండుకుని, సగం ఎదురింటి మామ్మగారికి పంపు.

మీ పెద్దమ్మ