నాసా ఫోటోలు ఉండగా ఒకే నెబ్యులాను మళ్ళీ మళ్ళీ ఎందుకు తీస్తారు?

అంతరిక్షంలో తీసిన గొప్ప ఫోటోలు ఉచితంగా దొరుకుతుంటే, డాబా మీద చిన్న టెలిస్కోప్ పెట్టుకుని ప్రతి నెలా అదే నెబ్యులాను, అంటే అంతరిక్షంలోని అదే వాయువు, ధూళి మబ్బును, తీయడం దేనికని కొందరు నన్ను అడిగారు. నా జవాబు ఒక్కటే: ఆ ఫోటో ఎప్పుడో ఒక రోజుది. నేను తీసే నెబ్యులా పోయిన నెల ఉన్నట్టు ఈ నెల ఉండదు.

దాని పేరు ఎన్‌జీసీ 2261, హబుల్ వేరియబుల్ నెబ్యులా అంటారు. ఆర్ద్రా నక్షత్రానికి తూర్పున, దాదాపు పదకొండు డిగ్రీల దూరంలో, తాటాకు విసనకర్రలా ఉంటుంది. విసనకర్ర పిడి దగ్గర ఆర్ మోనోసెరోటిస్ అనే పసి నక్షత్రం. అది పుట్టినప్పటి ధూళి ఇంకా చుట్టూ ఉంది. ఆ ధూళి మబ్బులు నక్షత్రానికి దగ్గరలో అడ్డం వచ్చినప్పుడు నీడ నెబ్యులా అంతటా పరుచుకుంటుంది. కొన్ని వారాల్లోనే రూపం మారిపోయినట్టు కనిపిస్తుంది.

మాది హనుమకొండ. మా మేనమామది రామప్ప దగ్గర ఊరు. శివరాత్రికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు టెలిస్కోప్ కూడా తీసుకెళ్ళాను. శివరాత్రి అంటే అమావాస్య ముందు రాత్రి, చంద్రుడి బెడద ఉండదు. పైగా ఊరంతా జాగారం చేస్తుంది కాబట్టి ఇంకా పడుకోలేదేమని ఎవరూ అడగరు. మామ మిర్చి కల్లం దగ్గర కాపలా ఉన్నాడు. పక్కనే ట్రైపాడ్ వేశాను. రాత్రి ఎనిమిదిన్నరకల్లా నెబ్యులా దాదాపు నడినెత్తికి వచ్చింది. ఒక్కో నిమిషం ఎక్స్‌పోజర్లతో రెండు గంటలు తీసి, అక్కడే లాప్‌టాప్‌లో సిరిల్ సాఫ్ట్‌వేర్‌తో అన్నీ కలిపాను. కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలయ్యే పుష్య అమావాస్యకు తీసిన ఫోటో నా దగ్గర ఉంది. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, మార్చి మార్చి చూపించాను. విసనకర్ర పడమటి అంచు నల్లబడింది, మధ్యలో కొత్తగా ఒక చీలిక వచ్చింది.

మామ ఒప్పుకోలేదు. "కెమెరా కదిలింది అల్లుడా" అన్నాడు. నాకు నచ్చిన ప్రశ్న అది, ఎందుకంటే అసలు పరీక్షే అది. "మామా, చుట్టూ ఉన్న చుక్కలు చూడు, కెమెరా కదిలితే అవి కూడా చెదరాలె గదా" అన్నాను. లాప్‌టాప్ తన ముందుకు లాక్కుని, ఒక్కో చుక్క మీద వేలు పెట్టి, తనే ముందుకూ వెనక్కూ నొక్కుతూ చాలాసేపు చూశాడు. చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. "నీడే జరిగింది" అని ఆఖరికి తనే తేల్చాడు. ఆ తర్వాత కల్లం మీదున్న వాళ్ళందర్నీ పిలిచాడు. ఇదంతా ఈ నెలలోనే జరిగిందా అని ఒకాయన అడిగితే, అక్కడి వెలుగు మన దాకా రావడానికి సుమారు 2,500 ఏళ్ళు పడుతుందని చెప్పాను. దాంతో మామ మళ్ళీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టాడు.

ఈ నెబ్యులాకు పేరిచ్చిన ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ కూడా ఈ పనే చేశాడు. వేర్వేరు రోజుల ఫోటో ప్లేట్లు పోల్చి చూసి, ఇది మారుతోందని 1916లో ప్రకటించాడు. 1949 జనవరిలో అమెరికాలోని పాలోమర్ అబ్జర్వేటరీ 200 అంగుళాల టెలిస్కోప్‌తో మొట్టమొదటి ఫోటోగా తీసింది కూడా దీన్నే. చిన్న టెలిస్కోప్‌తో ఏమవుతుంది అనేవాళ్ళకు జే మెక్‌నీల్ అనే ఔత్సాహికుడి సంగతి చెప్పాలి. 2004 జనవరిలో అమెరికాలో తన ఇంటి నుంచి మూడు అంగుళాల టెలిస్కోప్‌తో ఎం78 అనే నెబ్యులా పక్కన ఫోటో తీస్తే, అంతకుముందు పటాల్లో లేని ఒక నెబ్యులా దొరికింది. వీ1647 ఓరియోనిస్ అనే పసి నక్షత్రం ఒక్కసారిగా వెలిగి దాన్ని కనబడేట్టు చేసింది. తర్వాత ఆరిపోయింది, మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది.

నాకు కోపం తెప్పించేది ఏఐతో ఫోటోలకు మెరుగులు దిద్దడం. నెలనెలా రూపం మారని ఆండ్రోమెడా గెలాక్సీకి చేస్తే చేసుకోండి. ఇలాంటి నెబ్యులాకు చేస్తే లేని గీతలు పుట్టిస్తుంది, ఉన్న నీడను తుడిచేస్తుంది. తర్వాత ఏది ఆకాశంలో మారిందో, ఏది కంప్యూటర్ మార్చిందో ఎవరు చెప్పాలి? లైకులు తక్కువొచ్చినా మసక ఫోటోనే పెట్టండి.

ఇంకోటి, ఫోటోలంటే లద్దాఖ్‌లో హాన్లేకే వెళ్ళాలనే పిచ్చి. ఆకాశం అక్కడ అద్భుతం, నేను కాదనను. కానీ ఏడాదికోసారి వెళ్ళేవాడికి మార్పు ఎలా తెలుస్తుంది? ఈ నెబ్యులా చిన్నదే అయినా కాంతివంతమైనది, తెల్ల ఎల్‌ఈడీ వీధి దీపాలు ఎక్కువైన మా హనుమకొండ డాబా మీద నుంచి కూడా వస్తుంది. నగరం వెలుగును ఆపుతుందని అమ్మే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ మాత్రం దీనికి కొనకండి. ఇది నక్షత్రం వెలుగును తిప్పి పంపే నెబ్యులా, ఆ ఫిల్టర్ రెండు సన్నని రంగు పట్టీలు తప్ప మిగతా అసలు వెలుగునంతా కోసేస్తుంది.

మొదలుపెట్టాలనుకుంటే ముందు ఉత్తరం వైపు అడ్డం లేని చోటు వెతకండి, టెలిస్కోప్ చుక్కలతో పాటు సరిగ్గా తిరగాలంటే దాని స్టాండును ధ్రువ నక్షత్రం వైపు సరిపెట్టాలి. వరంగల్‌లో ధ్రువ నక్షత్రం 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఎదురింటి వాటర్ ట్యాంకు చాలు దాన్ని దాచేయడానికి. డిసెంబర్ నుంచి మార్చి దాకా ప్రతి అమావాస్యకూ తీయండి. అదే కెమెరా, అదే ఎక్స్‌పోజర్ ఉంచండి, ఫైలు పేరులో తేదీ రాయడం మర్చిపోకండి.