ప్రతిభ ఉంటే పేదింటి పిల్లలు పైకి రాలేరా?

కష్టపడి చదివితే పేద పిల్లలు కూడా స్థిరపడతారు కదా, అసమానత గురించి ఇంత చర్చ ఎందుకని కొందరు అడిగారు. హనుమకొండలో చాలాకాలం పాఠాలు చెప్పినవాడిగా నా అభిప్రాయం ఒక్కటే: మన పిల్లలు చదువులో ఓడిపోవడం లేదు, చదువు పూర్తయ్యాక కళాశాల కౌంటర్ దగ్గర ఆగిపోతున్నారు.

మా వీధిలో గది అద్దెకు తీసుకొని బీటెక్ చదివిన ఒక అమ్మాయి ములుగు వైపు నుంచి వచ్చిన కౌలు రైతు బిడ్డ. హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, చేరేనాటికి ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించమన్నారు. అవి కళాశాల దగ్గరే ఉండటంతో తెచ్చుకోవడానికి తండ్రీబిడ్డలు అక్కడికి వెళ్తే, తోడుగా నేనూ వెళ్లాను. గుమాస్తా రిజిస్టరు తిప్పి, ఆమె పేరు పక్కన ఎర్ర సిరాతో రాసిన బాకీ మీద వేలు పెట్టి, సర్కారు నుంచి ఫీజు రాలేదు, మీరు కట్టి తీసుకుపోండి, వచ్చినాక వాపసు ఇస్తామన్నాడు. తండ్రి ప్లాస్టిక్ కవరులోంచి మీసేవలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం విప్పి, "ఫీజు సర్కారే కడతదన్నరు గద సారూ" అని పదే పదే అడిగాడు. చివరకు పంట కొనుగోలులో మధ్యవర్తిగా ఉండే అడ్తిదారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టాడు. పంట తనకే అమ్మాలన్నది ఆ అప్పుకు షరతు కనుక, ఆ ఏడు వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్లో నలుగురిని అడిగి పత్తి అమ్ముకునే అవకాశం కూడా పోయింది. ప్రభుత్వం ఆలస్యం చేసిన సొమ్ముకు వడ్డీ కట్టింది ఆ కుటుంబం.

పేద విద్యార్థుల ఫీజును సర్కారే కళాశాలకు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పుడు వేలాది ఇళ్లలో మొదటి ఇంజనీరు పుట్టాడు, ఆ మేలును నేను కళ్లారా చూశాను. అయితే ఇప్పుడు ఈఏపీసెట్‌గా మారిన ప్రవేశ పరీక్ష ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి ఏటా 35,000 రూపాయలే ఇవ్వడం, అదీ సకాలంలో ఇవ్వకపోవడం ఆ మేలును సగానికి తగ్గించాయి. బకాయిల కోసం ప్రైవేటు కళాశాలలే బంద్ పాటించాయి, అధ్యాపకుల జీతాలు ఆగిన మాటా నిజమే. కానీ బాకీ ఉన్నది ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య అయినప్పుడు పిల్లల కాగితాలను తాకట్టు వస్తువుల్లా పెట్టుకోవడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను. నగరం నిండా ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టే సంస్థలు ఎంతమంది పూర్వ విద్యార్థుల సర్టిఫికెట్లు తమ బీరువాలో ఉన్నాయో కూడా ప్రకటించాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది. కనుక మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే నోటిమాటతో వెనుదిరగకుండా లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొని, ఆ ప్రతిని జతచేసి విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుకూ జిల్లా కలెక్టరు ప్రజావాణిలోనూ ఫిర్యాదు చేయండి, అప్పు తేవడం ఆ తర్వాతి మాట.