టేకు బల్ల మొదలుపెట్టే ముందు

చిరంజీవి అల్లుడికి,

మొదటి బల్లే టేకుతో చేస్తానన్నావట. సంతోషం. రంపం పట్టేముందు ఇది చదువు.

కొనేటప్పుడు చేవ (మాను నడిమి ముదురు చెక్క) ఎంత, తెల్లచెక్క ఎంత అన్నది చూడు. టేకుకి చెద పట్టదన్న మాట చేవకే వర్తిస్తుంది. అంచున పాలిపోయినట్టుండే తెల్లచెక్కని పురుగు హాయిగా తింటుంది. పాలిష్ కింద కనపడదులే అని దాన్నీ కలిపేసేవాళ్లున్నారు. నువ్వు కోసి పారెయ్.

ఆరిన టేకు ఘనపు మీటరు 650 కిలోల దాకా తూగుతుంది. మరీ గట్టి చెక్కేం కాదు, చిత్రిక బాగానే నడుస్తుంది. కాకపోతే చెక్కలో సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండేదే. అందుకే పదును ఇట్టే పోతుంది. ఉలిని పని మధ్యలోనే సాన పట్టుకో, బద్ధకించకు. మెషిన్ రంపానికి కార్బైడ్ పళ్ల బ్లేడు వెయ్యి.

అసలు భయమంతా జిగురుతోనే. టేకులో ఉండే నూనె తడి నుంచి చెక్కని కాస్తుంది, జిగురుని మాత్రం పట్టనివ్వదు. నేను ఒకసారి పలకలకి చిత్రిక పట్టి, వారం తర్వాత తీరిగ్గా అతికించాను. ఏడాది తిరక్కుండా నడిమి అతుకు విడిపోయింది. చూస్తే జిగురు పొర పొరలాగే ఊడొచ్చింది, దానికి ఒక్క పీచు కూడా అంటుకోలేదు. ఆ రోజు మీ అత్తయ్య ముందు నా పరువు పోయింది! కాబట్టి నూనె మళ్లీ పైకి తేలేలోగా, చిత్రిక పట్టిన పూటే అతికించు. ముందు అంచుల్ని ఎసిటోన్ (నూనెని కరిగించే, ఇట్టే మండే ద్రవం) తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు రాసి క్లాంపులు బిగించు. దగ్గర్లో నిప్పు ఉండకూడదు సుమా.

టేకు వాతావరణానికి పెద్దగా ఉబ్బదు, కుంచించదు. అలాగని అసలు కదలదనుకోకు. పైపలకని ఫ్రేముకి బిగించే స్క్రూల బెజ్జాలు, పలక కదిలేందుకు వీలుగా, పీచుకి అడ్డంగా కాస్త పొడుగ్గా తియ్యి. పొట్టు కొందరికి ఒళ్లంతా దురద పుట్టిస్తుంది, మాస్కు మర్చిపోకు.

చిత్రిక పట్టగానే చెక్క మచ్చలు మచ్చలుగా, ఆకుపచ్చ చారలతో కనిపించి నీకు టెన్షన్ పుడుతుంది. రంగు పుయ్యకు. కొన్నాళ్లు వెలుతురు తగిలితే అదే సర్దుకుని బంగారు గోధుమరంగుకి వస్తుంది. వార్నిష్ ఆ తర్వాతే.

మీ మామయ్య