మీటర్ బాగానే చూపిస్తోంది, మరి వాంతులెందుకు?

ప్రశ్న: మాది మధురవాడ వైపు అపార్ట్‌మెంట్ సార్. కార్పొరేషన్ నీళ్లు, బోరు నీళ్లు రెండూ ఒకే సంపులో పడతాయి. పోయిన నెల మా బాబుకి వాంతులు, విరోచనాలు అయ్యాయి, ఇప్పుడు తగ్గిందిలెండి. మా అత్తగారేమో కాచి చల్లార్చిన నీళ్లే తాగాలంటారు. ఈలోగా ఫిల్టర్లు అమ్మే కుర్రాడొకడొచ్చి మా కుళాయి నీళ్లలో రెండు కడ్డీలు పెట్టి కరెంటిస్తే రెండు నిమిషాల్లో తుప్పు రంగుకి తిరిగి కింద మడ్డి పేరుకుంది, వాడి ఆర్వో ఫిల్టర్ నీళ్లు మాత్రం అలాగే తేటగా ఉన్నాయి. కానీ టీడీఎస్ మీటర్ పెడితే 310 అనే చూపించింది. ఏది నమ్మాలి, ఆర్వో కొనేయమంటారా?
– ఒక గృహిణి, మధురవాడ

జవాబు: ముందు ఆ గ్లాసు సంగతి తేల్చేద్దామమ్మా. ఆ కడ్డీల్లో ఇనుముది ఒకటుంటుంది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, కరెంటు పారితే ఇనుము కరుగుతుంది, మీరు చూసిన మడ్డి ఆ కడ్డీదే. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగ్గా పారదు, అందుకే తేటగా ఉండిపోయాయి. మళ్లీ వస్తే వాడి నీళ్లలోనే చిటికెడు ఉప్పేసి కడ్డీలు పెట్టమనండి, అవీ ఎర్రబడతాయి (వాడి మొహం కూడా).

310 అంటే కంగారేం లేదు. ఐఎస్ 10500 అనే మన తాగునీటి ప్రమాణంలో టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిదే, అంతకంటే తక్కువున్న చోట ఆర్వోలు ఆపించమని 2019లో పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునలే చెప్పింది. అయితే ఆ మీటర్ కొలిచేది కరిగిన లవణాల్ని, క్రిముల్ని కాదు. మురుగు కలిసిన నీళ్లకి కూడా 310 అనే చూపించొచ్చు.

మరి క్రిములు ఎక్కడ కలుస్తాయంటారా? మన విశాఖకి నీళ్లొచ్చే రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ఏలేరు కాలువ... ఎక్కడి నీళ్లయినా పటిక వేసి తేర్చి, వడకట్టి, క్లోరిన్ కలిపాకే పైపుల్లోకి వదులుతారు. తంటా అంతా దారిలోనే. కుళాయి రోజుకి కాసేపే వస్తుంది కదా, మిగతా టైములో పైపు ఖాళీ, పక్కనే కాలువ, ఎక్కడో చిన్న లీకు, ఖాళీ పైపు ఆ మురుగుని లోపలికి లాగేసుకుంటుంది. దానికితోడు మనవాళ్లు కుళాయి లైనుకే డైరెక్టుగా మోటారు బిగించి లాగుతారు, నీళ్లు ఎక్కువొస్తున్నాయని సంబరపడతారు గానీ వచ్చేది ఏంటో చూడరు. అది దాటాక మీ సంపు, అందులో బోరు నీళ్లు కూడా కలిపేసరికి ఉన్న కాస్త క్లోరిన్ పల్చబడిపోతుంది. మీ ఇంట్లో జరిగింది ఇదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను గానీ నాకైతే ముందు అనుమానం సంపు మీదే.

బ్లీచింగ్ వాసనొస్తే చాలామంది నీళ్లు బాలేవంటారు, నన్నడిగితే అసలు వాసనే రాని రోజు జాగ్రత్తపడాలి. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలి. క్లోరోస్కోప్ అని చిన్న కిట్ దొరుకుతుంది, చుక్కలేస్తే పసుపు రంగు తిరుగుతుంది, వీధి కుళాయి దగ్గర ఒకసారి, మీ వంటింట్లో ఒకసారి చూడండి. అక్కడుండి ఇక్కడ లేకపోతే దొంగ మీ బిల్డింగులోనే ఉన్నట్టు. సంపు ఖాళీ చేయించి కడిగించండి, గోడల్లో పగుళ్లున్నాయేమో, సెప్టిక్ ట్యాంకు ఎంత దూరంలో ఉందో చూడండి, వాచ్‌మన్‌ని అడిగితే అన్నీ చెప్తాడు. సంపు బాగుపడేదాకా మీ అత్తగారి మాటే ఖాయం చేసుకోండి, నీళ్లు బాగా తెర్లాక ఒక నిమిషం ఉంచి దింపితే చాలు, చల్లారాక మూత పెట్టి కాడున్న గరిటెతో తీసుకోండి, చేతులు ముంచొద్దు.

ప్రశ్న: ఈ గొడవంతా లేకుండా 20 లీటర్ల టిన్ను కొనుక్కుంటే పోలా?
– గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ టిన్ను లోపలికి ఒకసారి టార్చి లైటు వేసి చూడండి. పచ్చగా పాచి కనబడితే ఎవరి నీళ్లయినా ఒకటే. సీలు లేకుండా ఆటోలో ఎండకి తిరిగే టిన్ను కన్నా కాచిన కుళాయి నీళ్లే నేను తాగుతాను.