నాటు మామిడి చెట్టు కొట్టేస్తున్నారు, టెంకలు ఎండబెట్టి దాచుకుంటే చాలా?

పరకాల దగ్గర మీ తాత పెట్టిన చెట్టు ప్లాట్లలో పోతోందని, వానలు పడగానే కొట్టేస్తారని, టెంకలు ఎండబెట్టి దాచుకుంటే చాలా అని అడిగారు. చాలదు తమ్ముడూ. నేను అట్లనే చేసి ఒక చెట్టును పోగొట్టుకున్న.

మా బాయికాడ ఒక నాటు చెట్టు ఉండేది. దానికి పేరు లేదు, ఊరంతా 'బాయికాడి చెట్టు' అనేది. చిన్న కాయ, నిండా పీచు. కానీ బంగినపల్లి అయిపోయినా మిరుగం దాకా పండ్లు రాలుతూనే ఉండేవి. మా అవ్వ తొక్కుకు ఆ కాయ తప్ప ఇంకోటి ముట్టేది కాదు. రోడ్డు వెడల్పులో అది పోయింది. ఆ ఎండాకాలం ఇరవై టెంకలు ఏరి, మిర్చి విత్తనం లెక్క ఎండబెట్టి డబ్బాలో పోసిన. మరుసటేడు పెడితే ఒక్కటీ మొలవలేదు. మామిడి గింజలో తేమ పోతే ప్రాణం పోయినట్టే. పనస, నేరేడు కూడా అంతే. చపాట మిర్చినో వడ్లనో దాచినట్టు ఏళ్ల తరబడి దాచే వీలు వీటికి లేదు. అందుకే సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రంలాంటి చోట్ల మామిడి రకాలను చెట్లుగానే పెంచి కాపాడతారు.

మరి పచ్చి టెంకే నాటితే? మా పెద్దమ్మ పెరట్లో ఆ చెట్టు పండు తిని పారేస్తే మొలిచిన పిల్ల ఒకటుంది. ఎనిమిదో ఏట కాసింది. ఆ పులుపు నోట పెట్టలేం! మన దిక్కు మామిళ్లలో ఎక్కువగా టెంకకు ఒకే మొలక వస్తుంది. అది తల్లికీ, ఏ తోట నుంచి వచ్చిన పుప్పొడికో పుట్టిన బిడ్డ. కొత్త రకాలు పుట్టేది ఈ దారినే కాబట్టి దాన్ని కొట్టనియ్యలేదు. కానీ బాయికాడి చెట్టు అది కాదు.

మీరు అంటు కట్టించండి, అదైతే అచ్చం మీ తాత చెట్టే వస్తుంది. నర్సరీలో ఏడాది వయసు నాటు మొక్కలు పది కొనండి. మీ తాత చెట్టుకు మూడు నాలుగు నెలల వయసున్న, పెన్సిలు లావు కొమ్మలు చూసి, కోసే ముందు వారం పది రోజులకు తొడిమలు వదిలి ఆకులు మాత్రం తుంచండి, మొగ్గ ఉబ్బుతుంది. నర్సరీ మొక్క నెత్తి కోసి, నడుమ చీల్చి, చెట్టు నుంచి కోసిన పుల్లను రెండు వైపులా చెక్కి అందులో దించి ప్లాస్టిక్ టేపు బిగించాలి. జులై, ఆగస్టుల్లో గాలిలో తేమ ఉంటుంది కాబట్టి బాగా అతుకుతుంది. మా బావ చెట్టుకు నేను కట్టిన పదింటిలో నాలుగే బతికినయ్, అతుకులోకి నీళ్లు దిగి మిగతావి కుళ్లినయ్. పైన పాలిథిన్ కవరు తొడగడం మర్చిపోకండి.

బతికినవన్నీ ఒక్కచోట పెట్టకండి. రెండు మీ చెలక గట్టున, మిగతావి చుట్టాలకు ఇవ్వండి. జగిత్యాల మార్కెట్‌కు బంగినపల్లి కావాలి కాబట్టి తోటలన్నీ అవే అయినయ్. అన్నీ అంట్లే, అంటే ఒకే చెట్టుకు నకళ్లు. ఒకదానికి సోకే తెగులు అన్నిటికీ సోకుతుంది. అన్నీ ఒక్కసారే పూతకొస్తే ఆ వారం పడ్డ వాన మొత్తం రాలుస్తుంది. వెనక పూసే మీ తాత చెట్టులాంటివే అప్పుడు నాలుగు కాయలిస్తాయి.

మొక్కల రకాలు, రైతు హక్కులను కాపాడే 2001 చట్టం కింద దాన్ని రైతు రకంగా రిజిస్టర్ చేయించుకునే దారీ ఉంది, రైతుకు ఫీజు లేదు. ముందు చెట్టు బతకనీ, కాగితం తర్వాత.

కొట్టే తేదీ తెలిస్తే పది రోజుల ముందు చెప్పండి. కత్తి, టేపు పట్టుకుని నేనొస్త.