రాయి అని తెలిసే మొక్కుతాం

"విగ్రహారాధన అంటే రాయినే దేవుడనుకోవడమా? మీ అనుభవంలో దానికి అర్థం ఏమిటి?" అని అడిగారు. రాయినే దేవుడనుకోవడం కాదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఊరి రాముడు మళ్లీ రాయి అయిన రోజున నేను గుడిలోనే ఉన్నాను.

కృష్ణ ఒడ్డున మాది చిన్న ఊరు. రామాలయం కప్పు కారీ కారీ, ఒక వానాకాలం పెచ్చు ఊడి రాముడి కుడిచేతి మీద పడింది. రెండు వేళ్లు విరిగాయి. భిన్నమైన విగ్రహానికి పూజ చెయ్యకూడదంటారు. గుడి కూడా ఎలాగూ బాగుచెయ్యాలి కాబట్టి పాత విగ్రహాలు తీసి కొత్తవి ప్రతిష్ఠించాలని పెద్దలు అనుకున్నారు.

విగ్రహం తియ్యాలంటే ముందు కళాకర్షణ చెయ్యాలి. విగ్రహంలో ఉన్న దైవకళను కుంభంలోని నీళ్లలోకి రమ్మని పిలుస్తారు. దారం చుట్టిన బిందె, మామిడాకులు, పైన కొబ్బరికాయ. ఆ కుంభాన్ని తీసుకెళ్లి బాలాలయంలో, అంటే పని పూర్తయ్యేదాకా పూజలు జరిగే తాత్కాలిక గుడిలో పెడతారు. మా ఊళ్లో బాలాలయం అంటే పక్కన వేసిన రేకుల షెడ్డు. చిన్న ఊరు కాబట్టి అలా కానిచ్చేశారనుకోకండి. యాదగిరిగుట్టలో 2022 మార్చి 28న కొత్త ఆలయం తెరిచేదాకా ఏళ్ల తరబడి జనం దర్శనం చేసుకున్నది బాలాలయంలోనే.

కుంభం బయటికి వెళ్లాక గర్భగుడిలో దీపం తీసేశారు. విగ్రహాన్ని పీఠానికి అతికించి ఉంచే అష్టబంధనం పగలగొట్టడానికి నలుగురు గునపాలు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కరికీ చెయ్యి రాలేదు. వాళ్లలో ఒకాయన రోజూ పొలానికి వెళ్తూ ఆ గడపకి మొక్కే మనిషి. అప్పుడు ఆచార్యులు గారు లోపలికొచ్చి, "స్వామి ఇందులో లేరు నాయనా. కుంభంలో ఉన్నారు. ఇది రాయి. తియ్యండి" అన్నారు. జీవితమంతా ఆ విగ్రహానికి నీళ్లు పోసి, గంధం రాసి, బట్ట కట్టిన చేతులవి. ఆ మనిషే ఆ మాట అన్నాడు.

నాతో పనిచేసే క్రైస్తవ మిత్రుడొకడు బైబిల్లో యెషయా గ్రంథం 44వ అధ్యాయం చూపించాడు. ఒకడు చెట్టు నరుకుతాడు. సగం కట్టెతో చలి కాచుకుని రొట్టె కాల్చుకుంటాడు, మిగిలిన దానితో బొమ్మ చేసి సాగిలపడతాడు. ఇంత పదునైన విమర్శ నేను ఇంకెక్కడా చదవలేదు. మన వేమన కూడా రాళ్లకు మొక్కడాన్ని ఇలాగే దులిపాడు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ మా ఆచార్యులు గారి మాట విన్నవాడిగా నాదొకటే జవాబు. దేవుడిని రమ్మని పిలవడానికి మాకొక మంత్రం ఉంది, వెళ్లి రమ్మనడానికి ఇంకొకటి ఉంది. వెళ్లి రమ్మనడం చేతకాని చోట మాత్రం ఆ విమర్శ పూర్తిగా నిజం.

ఇంట్లో వినాయక చవితే చూడండి. మట్టి బొమ్మలోకి ఆవాహన చేస్తాం, చివర "యథాస్థానముద్వాసయామి" అని బొమ్మను కొంచెం కదుపుతాం. ఆ తర్వాతే నీళ్లలో కలుపుతాం. ఇవాళ ఎన్ని పందిళ్లలో ఆ ఉద్వాసన శ్రద్ధగా చెబుతున్నారు? డీజే బాక్సుల మీద ఉన్న శ్రద్ధ మంత్రం మీద లేదు. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఖైరతాబాద్ గణపతే ఇప్పుడు మట్టితో వస్తుంటే, వీధి చివర పందిట్లో ఇంకా ప్లాస్టర్ బొమ్మే కావాలట. నీళ్లలో కరగని బొమ్మ చెరువులో సగం మునిగి, చెయ్యి విరిగి, రంగు పోయి తేలుతుంటే చూడలేకపోతున్నాను. సాగనంపడం అంటే అది కాదు.

ఇంకా పెద్ద బాధ మనుషుల విగ్రహాలతో. హీరో కటౌట్‌కి పాలాభిషేకం, నాయకుడి ఫ్లెక్సీకి హారతి. అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఈ మాటే హెచ్చరించాడు: మతంలో భక్తి ఆత్మకు మోక్షమార్గం కావచ్చు గానీ రాజకీయాల్లో భక్తి పతనానికీ, చివరికి నియంతృత్వానికీ దారి అని. ఈ దేవుళ్లకు ఉద్వాసన మంత్రం లేదు. "ఇందులో ఏమీ లేదు నాయనా, తియ్యండి" అని చెప్పే ఆచార్యుడూ లేడు. విగ్రహారాధన మీద కోపం ఉన్నవాళ్లు ముందు ఇక్కడ కోప్పడాలని నా అభిప్రాయం.

మా నాయనమ్మ సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు. పాత విగ్రహాలను ట్రాక్టర్ ట్రక్కులో వరిగడ్డి మీద పడుకోబెట్టి రేవుకి తీసుకెళ్తుంటే ఆవిడ తన నేతచీర మడతపెట్టి తెచ్చి రాముడి తల కింద పెట్టింది. "రాయే కదా నాయనమ్మా, ఆచార్యులు గారు చెప్పారుగా" అన్నాను. "రాయేలేరా. అరవై ఏళ్లు నా ఏడుపు విన్న రాయి" అంది. పడవలో నడి ఏటికి తీసుకెళ్లి విడిచారు. ఆవిడ ఒడ్డునే నిలబడి చూసింది. మర్నాడు పొద్దున అదే నూనె గిన్నె పట్టుకుని రేకుల షెడ్డుకి వెళ్లింది.

ఏడాదిన్నరకు ఆళ్లగడ్డ నుంచి కొత్త విగ్రహాలు నల్లరాతివి వచ్చాయి. కొన్నాళ్లు నీళ్లలో, తర్వాత వడ్లలో ఉంచారు. వడ్లు ఇంటికో బస్తా ఇచ్చాం. ప్రతిష్ఠ రోజున బంగారు సూదితో కళ్లు తెరిపించి, అద్దం, ఆవూదూడ చూపించాక మమ్మల్ని లోపలికి వదిలారు. నాయనమ్మ చాలాసేపు ఆ ముఖంలోకి చూసి, "స్వామి ఆయనేలే, కళ్లు కొత్తవి. మళ్లీ మొదట్నుంచీ చెప్పుకోవాలి" అని స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నేను ప్రసాదం తీసుకుని వచ్చేసరికి ఇంకా తన పెళ్లి నాటి సంగతులే చెబుతోంది.