పిట్టను పట్టుకుంటే ఊపిరాడక చచ్చిపోతుందా?

అవును, మీరు విన్నది నిజమే. ముక్కు, నోరు తెరిచే ఉన్నా సరే, ఛాతీ చుట్టూ చెయ్యి బిగిస్తే చిన్న పిట్ట ఊపిరాడక చచ్చిపోతుంది. "మనల్ని ఎవరైనా గట్టిగా వాటేసుకుంటే ఏమీ కాదు కదా" అని మీకు అనిపించొచ్చు, మనకు ఛాతీ సరిగ్గా కదలకపోయినా పొట్ట పైన డయాఫ్రమ్ అనే కండరపు పొర ఉంది, దాంతో గాలి లాగేస్తాం. పక్షులకు అలా పనిచేసే డయాఫ్రమ్ లేదు. రొమ్ము ఎముక కిందికీ ముందుకీ జరిగితేనే గాలి లోపలికి వస్తుంది, అది వెనక్కి వెళ్తేనే బయటికి పోతుంది.

నేను చాలా ఏళ్లుగా బడ్జీలు అనే చిన్న చిలుకల్ని పెంచుతున్నాను. గోళ్లు కత్తిరించేటప్పుడు వీపు అరచేతికి ఆనేలా పట్టుకుని, చూపుడు వేలు, మధ్య వేలు మెడకు అటొకటి ఇటొకటి ఉంచుతాను. మెడ పట్టుకున్నానని చూసేవాళ్లకు ఒకటే టెన్షన్! కానీ పక్షి శ్వాసనాళం చుట్టూ మృదులాస్థి ఉంగరాలు పూర్తిగా గుండ్రంగా ఉంటాయి, మనకు మాత్రం వెనకవైపు తెరిచి ఉంటాయి, కాబట్టి వేళ్లు వదులుగా ఉంటే ఆ గొట్టానికేమీ కాదు. ఛాతీ మీద మాత్రం ఏ వేలూ పడకూడదు. అలా పట్టుకుని చూస్తే ఈకల కింద రొమ్ము ఎముక గబగబా ఆడుతూ కనిపిస్తుంది. ఆ కదలిక తగ్గిందంటే పట్టు బిగిసినట్టే, గోరు సగంలో ఉన్నా వదిలేయండి.

లోపలి ఏర్పాటు ఇంకా విచిత్రం. ఊపిరితిత్తులు చిన్నవి, పక్కటెముకలకు అతుక్కుని ఉంటాయి, మనవాటిలా ఉబ్బవు. ఉబ్బేవి గాలి సంచులు, చాలా పక్షుల్లో 9 ఉంటాయి. కొలిమి తిత్తిలాగా గాలిని తోయడమే వాటి పని, ఆక్సిజన్ రక్తంలో కలిసేది ఊపిరితిత్తుల్లోనే. పీల్చిన గాలిలో ఎక్కువ భాగం మొదట వెనకవైపు సంచుల్లోకి పోతుంది, ఊపిరి వదిలినప్పుడు అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి, మళ్లీ పీల్చినప్పుడు ముందువైపు సంచుల్లోకి, మళ్లీ వదిలినప్పుడు బయటికి. అంటే ఆ గాలి బయటపడటానికి రెండు శ్వాసలు! పీల్చినా వదిలినా ఊపిరితిత్తుల్లో గాలి దాదాపు ఒకే దిక్కున సాగుతుంది, అందుకే ఆక్సిజన్ బాగా అందుతుంది. బార్ హెడెడ్ గూస్ అనే బాతు హిమాలయాల మీదుగా ఎగిరిపోతుందంటే ఇదొక ముఖ్య కారణం. దీనికి రెండో వైపు కూడా ఉంది, విషపు గాలి కూడా అంతే బాగా ఎక్కుతుంది. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగకు మనకేమీ తెలియకముందే పిట్ట చచ్చిపోవచ్చు.

ఇంకొకటి, ఎండకో, ఎగిరొచ్చాకో కాసేపు నోరు తెరిచి రొప్పితే కంగారు పడకండి, వాటికి చెమట గ్రంథులు లేవు, వేడి అలాగే పోగొట్టుకుంటాయి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ప్రతి ఊపిరికీ తోక పైకీ కిందికీ ఊగుతుంటే మాత్రం ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి, చేత్తో పట్టుకుని కాదు, గాలి ఆడే చిన్న డబ్బాలో పెట్టి.